అత్తయ్య నీళ్ళు ముంచే చోటు

ఈ ఉదయం మా ఏలూరు ఇంటి గుమ్మం ముందు ఆటోలోంచి దింపిన మంచినీళ్ళ టిన్ను మీద ఒక బొమ్మ ఉంది. నీలం రంగు సరస్సు, వెనకాల మంచు కొండ, ముందు రెండు తెల్లటి పక్షులు. ఆ కాగితాన్ని గోళ్ళతో గీకి పీకాను. కొండ ఊడింది, పక్షులు ఊడలేదు. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "పొద్దున్నే నీళ్ళ టిన్నుతో తగువేంటండీ? అదేం చేసింది మిమ్మల్ని?" అంది. రిటైరైన బడిపంతులికి కోపం తెచ్చుకోవడం తప్ప వేరే పనేమీ ఉండదని ఆవిడ నమ్మకం. కొంత నిజమే. కానీ ఈ కోపం రిటైర్మెంటుతో వచ్చింది కాదు. ఇది కొల్లేట్లో పుట్టింది, ఇంకా చావలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల మాట. మా మేనమామ భార్య, అంటే అత్తయ్య, కొల్లేటి నడుమ ఒక లంక ఊళ్ళో ఉండేది. మామయ్య పోయాక కూడా అక్కణ్ణించి కదల్లేదు. చుట్టూ నీళ్ళే కనక ఆ ఊరివాళ్ళు తాగేదీ ఆ నీళ్ళే. తెల్లవారగానే అత్తయ్య బిందె దోనెలో పెట్టుకుని, గెడ వేసుకుంటూ లోపలికి పోయేది. సెలవుల్లో వెళ్ళినప్పుడు నేనూ ఎక్కేవాణ్ణి. కిక్కిస గడ్డి దుబ్బులు దాటాక ఒక చోట గెడ గుచ్చి దోనె ఆపేది. వెంటనే ముంచేది కాదు. ముందు చూసేది. గూడబాతులు మా హెడ్మాస్టరు నడిచినంత గంభీరంగా ఈదుతుండేవి. నీటికోళ్ళు ఒకదాన్నొకటి తరుముకునేవి. గడ్డి వాసన, బురద వాసన, పొగమంచు చల్లదనం కలిసి ముక్కులోకి వచ్చేవి. చర్చిలో ప్రార్థనప్పుడు కూడా కళ్ళు మూయదని పాస్టరుగారు ఆవిడ మీద మాకు చాడీలు చెప్పేవారు. మరి కళ్ళు తెరిచి చేసేది ప్రార్థన కాదని ఆయనకెవరు చెప్పారో!

నాకేమో ఊరుకోవడం చేతకాదు. "ఏం చూస్తున్నారత్తయ్యా?" అనేవాణ్ణి. "నిన్ను మాత్రం కాదులేరా" అనేది. ఇక్కడి నీళ్ళే ఎందుకు మంచివని ఒకసారి గట్టిగా అడిగాను. ఏదో రహస్యం చెబుతుంది, క్లాసులో పిల్లలకి చెప్పొచ్చు అనుకున్నాను. "మంచివో కాదో నాకేం తెలుసురా? ఇక్కడ కూర్చుంటే బాగుంటుంది. బాగున్న చోట ముంచుకుంటున్నా" అంది. తర్వాత అరచేత్తో పైనున్న నలకలు పక్కకి తోసి బిందె వంచేది. ఆ నీళ్ళతో పెట్టిన టీలో కొంచెం గడ్డి రుచి ఉండేది. నేను మొహం చిట్లించి తాగేవాణ్ణి. అయినా రెండో గ్లాసు అడిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నేనూ చేపల చెరువులో వాటాదారునయ్యాను. కొల్లేరంతా గట్లు లేస్తున్నాయి, అందరూ బాగుపడుతున్నారు, నేనొక్కణ్ణే సుద్దముక్కలు అరగదీసుకుంటూ ఉండాలా అని కడుపుమంట. మా చెరువు సరిగ్గా అత్తయ్య ఊరికి ఆనుకునే. మేతకి కోళ్ళపెంట లారీల కొద్దీ దింపేవాళ్ళం. పట్టుబడి రోజు వచ్చింది. చేపలు పట్టాలంటే చెరువు నీళ్ళు ఇంజన్లు పెట్టి తోడెయ్యాలి. అవి చిక్కటి ఆకుపచ్చ నీళ్ళు, కంపు. వాటిని కొల్లేట్లోకి వదలొచ్చు, లేదా అవతలి వైపు పాత బోదె కాలవలోకి మళ్ళించొచ్చు. కొల్లేటి వైపు వదిలితే అవి పోయేది అత్తయ్య నీళ్ళు ముంచే చోటికే.

అత్తయ్య గట్టు మీదకి నడిచి వచ్చింది. "చేపలు పట్టుకో, వద్దనను. ఆ నీళ్ళు మాత్రం ఇటు వదలకురా. మేం తాగేది ఇవేగా."

నాతో వాటా ఉన్న తాడేపల్లిగూడెం ఆయన నా చెవి దగ్గరికొచ్చాడు. "ఏవండీ మాస్టారూ, బోదె నిండా గుర్రపుడెక్కండీ. అది తీయించేసరికి చేపలెక్కించే ఐసు లారీ వెళ్ళిపోద్దండీ. ఇంత కొల్లేరండీ, మన నీళ్ళు ఓ మూలకి రావండీ."

"ఏలూరు నుంచి టిన్ను నీళ్ళు పంపిస్తానత్తయ్యా. వాటిల్లో క్రిములుండవు" అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

"మరేం ఉంటాయిరా వాటిల్లో?"

కూలీలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ మాస్టారు నవ్వులపాలైపోయాడని మంట. ఇంజన్లు ఇటే వెయ్యమని అరిచాను. ఐసు లారీ కోసం వేయించానని చాలాకాలం చెప్పుకున్నాను. అబద్ధం. ఆ నవ్వు కోసం వేయించాను.

మర్నాడు అత్తయ్య ఎప్పటిలాగే దోనె తీసింది. నేనూ ఎక్కాను, ఏమీ కాలేదని చూపించడానికి. నీళ్ళ మీద పచ్చటి తెట్టు. చిన్న చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. పక్షులకి మాత్రం పండగ, ఎన్నడూ లేనన్ని వచ్చి వాలాయి. అత్తయ్య ఎప్పుడూ చూసినంతసేపూ చూసింది. తర్వాత బిందె ముంచింది. ఇంటికొచ్చి గ్లాసు నిండా పోసి నా ముందు పెట్టి, "ఎండన పడి వెళ్తున్నావు, నీళ్ళు తాగి వెళ్ళు" అంది. గొంతులో వెటకారం లేదు, ఏ చుట్టానికైనా అనే మాటే. నేను సంచీ తీసుకుని, తాగకుండా రేవుకి పోయాను. దారంతా ఆవిడ మీదే కోపం.

టిన్నులు పంపించాను. తీసుకుంది. దోనె రేవులో బోర్లించేసింది.

కొన్నేళ్ళకి, ఇది పక్షుల అభయారణ్యమంటూ ప్రభుత్వం యంత్రాలు తెచ్చి చెరువుల గట్లు తెగ్గొట్టింది. వాటాదారులు పక్షుల్ని, అధికారుల్ని కలిపి తిట్టారు. కూలీలకి పని పోయిందని వాళ్ళన్నది నిజమే. కానీ ఆ నిజాన్ని వాళ్ళు తమ తప్పు మీద దుప్పటిలా కప్పుకోవడం చూస్తే నాకు అసహ్యం వేసింది. ఆ దుప్పటి కింద నేనూ ఉన్నాను గనక ఇంకా అసహ్యం. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కొల్లేరు మళ్ళీ విప్పారింది. నేను వెళ్ళి దోనె తిరగేసి, అడుక్కి తారు పూయించి, అత్తయ్యని బతిమాలి ఎక్కించాను. గెడ నేనే వేశాను. అదే చోట ఆపాను. గూడబాతులున్నాయి, నీటికోళ్ళున్నాయి, కిక్కిస పచ్చగా లేస్తోంది. నీళ్ళు కూడా చూడ్డానికి బాగానే ఉన్నాయి. నోరు మూసుకుని కూర్చున్నాను, జీవితంలో మొదటిసారి.

అత్తయ్య కాసేపు అటూ ఇటూ చూసి, కొంగు తల మీదకి లాక్కుని, "ఎండెక్కుతోంది, పోదాం పదరా" అంది. ఎండ ఇంకా రాలేదు.

మూడేళ్ళ తర్వాత ఆవిడ పోయింది. ఆఖరి దాకా టిన్ను నీళ్ళే తాగింది. కాలం గడిస్తే నీళ్ళు వాటంతటవే తేటపడతాయని ఇప్పటికీ నాతో అనేవాళ్ళున్నారు. ఆ గడవాల్సిన కాలం అత్తయ్య ఆయుష్షులోంచి పోయిందని మాత్రం ఎవరూ అనరు.