కందిరీగ గొంతు

పుట్టింట్లో ఆమెకు కందిరీగ అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఒకచోట కుదురుగా కూర్చోదు, కూర్చున్నా నోరు ఊరుకోదు. పెళ్ళయ్యాక ఆ పేరు ఎవరూ మోసుకురాకుండానే అత్తారింటికి వచ్చేసింది. మాత్రల కంపెనీలో ప్యాకింగ్ హాలు సూపర్వైజరు అయ్యాక ఇక ఊడిపోయే ఆశే లేకపోయింది. మాత్రల మీద రేకు అతికే నాలుగు యంత్రాలు ఒకేసారి టకటకలాడే హాల్లో మామూలుగా మాట్లాడితే పక్కనున్న మనిషికే వినపడదు. ఆమె ఆ చివర నిలబడి "ఒరేయ్, రేకు పక్కకి పోతోంది, ఆపండ్రా!" అని ఒక్క కేక వేస్తే ఈ చివర యంత్రం ఆగేది. ఆ కేకలో కోపం లేదని అక్కడ అందరికీ తెలుసు. అదే నోటితో కాసేపటికి "టిఫిన్ చేశావా, మొహం అలా ఉందేం?" అని అడుగుతుందనీ తెలుసు.

అలాంటి మనిషిని కంపెనీవాళ్ళు ఆరు నెలలకని సముద్రాల అవతల తాము కొత్తగా కొన్న ఫ్యాక్టరీకి పంపారు. అక్కడివాళ్ళకు ఈ యంత్రాల మీద పని నేర్పి, లైను ఒక దారిన పెట్టి రావాలి. ఇంట్లో చూస్తే మూడేళ్ళు నిండని కూతురు. గుండ్రంగా, బొద్దుగా ఉంటుందని దాన్ని అందరూ బుడంకాయ అంటారు. ఆమె భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. "ఆర్నెల్లేగా, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతాయి" అన్నాడు. ఆ మాట అని అతను హాయిగా కళ్ళు మూసుకున్నాడు, తెరుచుకుని పడుకున్నది ఆమె. అత్తగారు మాత్రం "పిల్ల సంగతి నాకొదిలెయ్యి. నీ మొగుణ్ణి నేను పెంచలేదూ?" అంది. దానికి ధైర్యం తెచ్చుకోవాలో దడుచుకోవాలో కందిరీగకు అర్థం కాలేదు.

అక్కడ ఆమెకిచ్చిన వాటా మూడో అంతస్తులో. రెండు పడక గదులు, ఒక వంటిల్లు, ఎంత తోసినా జానెడుకు మించి తెరుచుకోని కిటికీలు. రెండో గదిలో అదే కంపెనీ ల్యాబ్ నుంచి వచ్చిన పెళ్ళికాని అమ్మాయి ఉండేది. కందిరీగ ఆ అమ్మాయిని ల్యాబ్ పిల్ల అనేది. వచ్చిన మొదటి రోజే తాలింపు వేస్తే వంటింటి పైకప్పుకున్న, పొగ తగిలితే మోగే గంట కొంపలు మునిగినట్టు మోగింది. మెట్ల దగ్గర తలుపులు తెరుచుకున్నాయి, మళ్ళీ మూసుకున్నాయి. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

"తిట్టినా బాగుండును, కనీసం మాటలు కలిసేవి" అంది కందిరీగ.

"ఇక్కడ తిట్టడానికి కూడా ముందు ఫోన్ చేసి రావాలేమో అక్కా" అంది ల్యాబ్ పిల్ల.

ఫ్యాక్టరీలోనూ అదే మౌనం. యంత్రాల చప్పుడు అదే, మనుషుల చప్పుడే లేదు. ఏదైనా తేడా వస్తే చెయ్యి ఎత్తుతారు, ఎర్ర దీపం వెలిగిస్తారు, వచ్చేవాళ్ళ కోసం కాచుకుని ఉంటారు. ఆమె ఊరుకుంటుందా? రేకు వంకర పోవడం చూడగానే అలవాటు కొద్దీ హాలు అదిరేలా కేక పెట్టింది. యంత్రం దగ్గరున్న పొడుగాయన ఉలిక్కిపడి రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. సాయంత్రం మేనేజరు ఆమెను కూర్చోబెట్టి, చాలా మర్యాదగా, మీకు వాళ్ళ మీద కోపం దేనికని అడిగాడు. మేడమ్ ఉండే షిఫ్టు మాకొద్దని అప్పటికే ముగ్గురు చెప్పేశారట.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి తేడా కనిపిస్తే తనే నడిచి వెళ్ళి, పక్కన నిలబడి, లోగొంతుతో రెండు ముక్కలు చెప్పడం అలవాటు చేసుకుంది. నెల తిరిగేసరికి పొడుగాయన ఆమెను చూసి నవ్వడం మొదలుపెట్టాడు. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించేది గానీ, పని మాత్రం దారిన పడింది.

ఇక ఇంటి సంగతి. ఆమెకు మధ్యాహ్నం భోజనం వేళ అయ్యేసరికి అక్కడ బుడంకాయకు రాత్రి అన్నం వేళ అయ్యేది. హాల్లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, భోజనానికి వదలగానే బట్టలు మార్చుకునే గదికి పరిగెత్తి, అలమరా తీసి ఫోన్ చేసేది. మొదట్లో బుడంకాయ ఫోన్‌కు ముద్దులు పెట్టేది, అన్నం మెతుకులు పూసేది. తర్వాత తర్వాత ఫోన్ మీద మోజు తీరింది, అన్నం మీదా తీరింది. ముద్ద నోట్లో పెట్టుకుని బుగ్గన దాచుకుని గంటసేపు ఇల్లంతా తిరిగేది. దాని వెనకాల గిన్నె పట్టుకుని మోకాళ్ళ నొప్పుల అత్తగారు.

ఒకరోజు ఆవిడకు ఓపిక చచ్చింది. ఫోన్ పిల్ల మొహానికి ఎదురుగా పెట్టి, "నువ్వే కాస్త గట్టిగా చెప్పవే తల్లీ, నీ మాటైతే వింటుంది" అంది.

కందిరీగ అప్పుడే హాల్లోంచి వచ్చింది. తలకు తెల్ల టోపీ, మూతికి గుడ్డ, పైనుంచి కిందికి తెల్ల కోటు, బయటికి కనిపించేవి కళ్ళు మాత్రమే. ఎన్నాళ్ళుగానో లోపల బిగబట్టుకున్న పాత గొంతు ఒక్కసారి బయటికి వచ్చింది.

"ఏయ్! మింగుతావా, రమ్మంటావా?"

బుడంకాయ మింగింది. కళ్ళు ఇంతింత చేసుకుని, మారు మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసింది. అటు అత్తగారు, ఇటు కోడలు పడీ పడీ నవ్వుకున్నారు. "నీ గొంతు మందులా పనిచేసిందే!" అంది అత్తగారు. బూచాడి పేరు చెప్పి పిల్లలకు అన్నం పెట్టని ఇల్లు ఏదైనా ఉందా? కందిరీగ కూడా అలాగే తిని పెరిగింది. కాబట్టి అందులో తప్పేమిటో ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మర్నాడూ ఆ మందే వేశారు, ఆ తర్వాత ఇంకో రెండు మూడుసార్లు వేశారు.

ఆ తర్వాత బుడంకాయ ఫోన్‌లో కనిపించడం తగ్గింది. అడిగితే ఇప్పుడే పడుకుందన్నారు, స్నానం చేస్తోందన్నారు, పక్కింట్లో ఆడుకుంటోందన్నారు. కనిపించిన రోజున దాని వీపే కనిపించేది. "అమ్మరా, ఇలా చూడు" అని తండ్రి బలవంతంగా తిప్పితే గుక్కపట్టి ఏడ్చి మంచం కిందికి దూరేది.

"అలిగిందిలే, వదిలేసి వెళ్ళావని" అన్నాడు భర్త.

అలక అంటే కందిరీగకు తెలియదా? అలిగిన పిల్ల ఓరకంట చూస్తుంది. ఇది చూడటం లేదు. నన్ను మరిచిపోయింది, నా బిడ్డ నన్ను మరిచిపోయింది అని ఆమె కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. పనిలో ధ్యాస తప్పింది. స్ట్రిప్పులను నీలిరంగు నీళ్ళలో ముంచి, పైకి తీసి చించి చూడాలి, లోపల నీలం దిగితే అతుకు సరిగా పడనట్టు. ఒకరోజు వరసగా మాత్రలన్నీ నీలంగా వస్తుంటే ఆమె వాటిని చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయింది. పొడుగాయనే యంత్రం ఆపి, వేడి సరిచేసి, ఆమెకు ఒక కుర్చీ తెచ్చి వేశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేనేజరు పిలిచి, లైను బాగా నిలబడిందని మెచ్చుకుని, ఇంకో మూడు నెలలు ఉండగలరా అని అడిగాడు. నెల కిందటైతే కుర్చీలోంచి లేస్తూనే కుదరదని చెప్పేది. ఇప్పుడు "ఆలోచించి చెప్తాను" అంది. బయటికి వచ్చాక తన మాట తనకే వింతగా తోచింది. నిజం చెప్పాలంటే ఆమెకు ఇంటికి వెళ్ళాలంటే భయం పట్టుకుంది. విమానం దిగి చేతులు చాస్తే పిల్ల అందరి ముందూ మంచం కిందికి దూరితే?

అసలు సంగతి అనుకోకుండా బయటపడింది. ఒకరోజు భర్త మాట్లాడుతూ ఉండగా బయట వ్యాను ముందు ఎవరో హారన్ మోగించారు. అతను ఫోన్‌ను స్టూలు మీద గిన్నెకు ఆనించి, "ఉండు, బండి తీసి వస్తా" అని వెళ్ళాడు. తెర మీద నేల, మంచం కోడు కనిపిస్తున్నాయి. కాసేపటికి బుడంకాయ వచ్చి, ఫోన్ సంగతి చూసుకోకుండా, చతికిలబడి కూర్చుంది. ఒళ్ళో చెయ్యి విరిగిన బొమ్మ, ముందు ఉత్త గిన్నె. కందిరీగ చూస్తోంది. పిల్ల బొమ్మ నోటికి చెంచా పెట్టింది. కాసేపు చూసింది. వేలు చూపించింది.

"తినవా? అమ్మకి ఫోన్ చెయ్యనా? తినకపోతే అమ్మొస్తుంది."

అని, బొమ్మను గబగబా మంచం కిందికి తోసి, దాని పక్కన తనూ దాక్కుంది.

భర్త తిరిగొచ్చి "హలో, ఉన్నావా?" అన్నాడు.

"మీరు నా పేరు చెప్పి దానితో ఏమంటున్నారు?"

అతను నసిగాడు. చివరికి ఒక్కొక్కటే బయటపెట్టాడు. అన్నానికే కాదు, తల దువ్వడానికి, స్నానానికి, నిద్రకు, అన్నిటికీ ఇంట్లో అదే మంత్రం, అమ్మకి ఫోన్ చేస్తా. అతనూ అంటాడు, వాళ్ళమ్మా అంటుంది, ఆఖరికి పక్కింటావిడ కూడా అంటుంది.

అత్తగారు ఫోన్ లాక్కుంది. "మమ్మల్ని పోలీసులొస్తారని చెప్పి పెంచారు, ఏం, చచ్చామా? ఈ మోకాళ్ళతో నేను దాని వెంట ఎంతని పరిగెత్తను? నేనేమన్నా కావాలని చేశానా?" అని గట్టిగా మొదలుపెట్టి, సగంలోనే "నిన్ను దానికి కానిదాన్ని చెయ్యాలని నాకెందుకుంటుందే" అని ఏడ్చేసింది.

ఒంటికాలి మీద లేచి నాలుగూ దులిపేద్దామనే కందిరీగ నోరు తెరిచింది. కానీ మొదటి కేక ఎవరిది? టోపీ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఆ బూచిని పిల్లకు చూపించింది తనే. ఆ తర్వాత వాళ్ళు చేసిందల్లా పేరు చెప్పడమే.

"ఊరుకోండి అత్తయ్యా. ఇక నుంచి నా పేరు చెప్పకండి. అంతే."

"రేపట్నుంచి అమ్మ మంచిది, మంచిది అని చెప్తాం" అన్నాడు భర్త వెనక నుంచి. చెప్పారు కూడా. అయితే అంత సులువుగా నమ్మితే అది బుడంకాయ ఎందుకవుతుంది? అమ్మ మంచిది అని వినగానే బొమ్మను తీసుకుని మంచం కిందికి దూరిందట.

మర్నాడు కందిరీగ మేనేజరు దగ్గరికి వెళ్ళి, తాను ఉండలేనని, గడువు కాగానే వెళ్ళిపోతానని చెప్పింది. ల్యాబ్ పిల్ల ఆశ్చర్యపోయి, "అదేంటక్కా, నిన్నటిదాకా వెళ్ళాలంటే భయమన్నావుగా?" అంది.

"భయమే. కానీ అది నా దగ్గరికి రాకపోతే, ఒకే ఇంట్లో నేను ఎదురుగా ఉన్నాక రాకపోనీ. ఇంత దూరంలో కూచుంటే, అదే నా దగ్గరికి రావడం లేదో, నేనే దాని దగ్గరికి వెళ్ళలేదో ఎలా తెలుస్తుంది?"

ఆదివారం మధ్యాహ్నం ఆమె వంటింటి బల్ల మీద కంచం పెట్టుకుని ఫోన్ చేసింది. "దాన్ని పిలవకండి, పట్టుకురాకండి. ఫోన్ ఆ స్టూలు మీద పెట్టి మీ పని మీరు చూసుకోండి" అని భర్తకు చెప్పింది. టోపీ లేదు, గుడ్డ లేదు. తలారా స్నానం చేసి జుట్టు విరబోసుకుని ఉంది. అన్నం కలిపింది. రెండు మెతుకులు కెలికి కంచం అవతలికి నెట్టేసింది. తెర మీద మంచం కోడు వెనక రెండు కళ్ళు కనిపించాయి. ఆమె చూడనట్టే ఉండిపోయింది.

చాలాసేపటికి మంచం కింద నుంచి గొంతు వచ్చింది.

"తినవా?"

కందిరీగ ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఆ చిన్న గొంతుతోనే, తల వంచుకుని, "ఊహూ. నాకొద్దు" అంది.

బుడంకాయ పాకుతూ బయటికి వచ్చింది. కంచం వైపు చూసింది, ఆమె వైపు చూసింది. ఇలాంటి మొండి పిల్లలతో ఎలా వేగాలో దానికి బాగా తెలుసు. స్టూలు దగ్గరగా జరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను నానమ్మని. నువ్వు పాపవి. సరేనా?"

"సరే."

"తిను మరి."

"తినను."

"తినకపోతే అమ్మొస్తుంది!"

కందిరీగ బెదిరినట్టు రెండు చేతులతో మొహం కప్పుకుంది. కప్పుకున్నాక వెంటనే తీయడం చేతకాలేదు. తీసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే అలాగే నమిలింది, మింగింది, ఇంకోటి పెట్టుకుంది. బుడంకాయ ఒక్కో ముద్దకూ తల ఊపుతూ చూసింది. కంచం ఖాళీ కావచ్చిందనగా ఈ పాప ఇంకా ఏడుస్తూనే ఉందని గమనించింది. దానికి జాలి వేసింది. ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, మొహం ఆనించి, రహస్యం చెప్పినట్టు చెప్పింది.

"ఏడవకు. తినేశావుగా. ఇంక అమ్మ రాదులే."

"ఒకవేళ వస్తే?" అని అడిగింది కందిరీగ.



"వస్తే నేను చెప్తాలే, కొట్టొద్దని."

కంచంలో ఇంకా ఒక్క ముద్ద మిగిలి ఉంది. నానమ్మ చూస్తోంది కదా అని ఆమె అది కూడా తినేసింది.