కుడి బొటనవేలికి లైటు

మొన్న ఆదివారం కొత్త గేము కొన్నాను. యాభై దాటినవాడికి ఇదేం పిచ్చి అని అడగడం మా ఆవిడ ఎప్పుడో మానేసింది. ఆట మొదలయ్యే ముందు ఏ బటన్ ఏ పని చెయ్యాలో మనల్నే పెట్టుకోమంటుంది కదా, ఆ తెర రాగానే నా చెయ్యి ఆగిపోయింది. మా వదిన గుర్తొచ్చింది.

వదినది దిల్‌సుఖ్‌నగర్‌లో టైలరింగ్ షాపు. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, జాకెట్లు కుట్టి పేరు తెచ్చుకున్న మనిషి. ఏ గుడ్డయినా సరే, ముందు పనికిరాని ముక్క మీద నాలుగు కుట్లు వేసి దారం బిగువు చూసుకుంటే గానీ అసలు జాకెట్టు మిషన్ ఎక్కేది కాదు. అలాంటి మనిషికి కొన్నేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎల్బీనగర్ దవాఖానలో ప్రాణం దక్కింది, నడక వచ్చింది, వేళ్లు మాత్రం మాట వినలేదు. షాపు షట్టరు దించేశారు. మన్సూరాబాద్ ఇంట్లో ఉన్న మిషన్ మీద, చూడలేక, దుప్పటి కప్పించింది. వేళ్లు ఆడించమని డాక్టరిచ్చిన రబ్బరు బంతి మంచం కింద దుమ్ము కొట్టుకుపోయింది. కత్తెర పట్టని చేతికి బంతెందుకని ఏడ్చింది.

ఒక మధ్యాహ్నం నా గేము సామానంతా వాళ్లింటికి మోసుకెళ్లాను. నా దగ్గరున్నదేమో దయ్యాల ఆట. పాడుబడ్డ బంగళా, చీకటి, వెంటపడే తెల్ల గౌను ఆడదయ్యం, చేతిలో ఒక టార్చిలైటు, ప్రాణాలతో బయటపడాలి. జబ్బు మనిషికి తెచ్చేదేనా ఇది అని అన్నయ్య తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. "బటన్లన్నీ ఎడమ చేతికే పెడత వదినా, నువ్వు ఊకె ఆడు," అన్నాను.

"ఆగు తమ్మీ. గా లైటు కుడి బొటనేలికి పెట్టు. పని చెప్పకుంటె అదెట్ల లేస్తది?" అంది.

ఇక ఆట మొదలైతే కదా! దారం బిగువు చూసినట్టు ఒక్కో బటన్‌నీ నొక్కి చూసి, మార్పించి, మళ్లీ మొదటికే తెచ్చేది. వారం మధ్యాహ్నాలు సెట్టింగుల్లోనే గడిచిపోయాయి. తెర వెలుతురు ఎంత ఉండాలో పెట్టుకునే చోట, బొమ్మ కనీకనిపించనట్టు పెట్టుకోమని రాసి ఉంటే, "గింత చీకట్ల సూదిల దారం ఎట్ల ఎక్కుతది?" అని పూర్తిగా పెంచేసింది. బంగళా పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. పాపం దయ్యం, ఎక్కడ దాక్కుంటుంది? వరండా చివర్నుంచే కనిపించేది. వదిన ఎడమ చేత్తోనే తప్పించుకుంటూ, "గీమె గౌను సంకల పట్టేసింది, సూడు," అనేది. నాకు నవ్వలేక పొట్ట చెక్కలయ్యేది. కానీ లైటు అవసరమే రాలేదు. బొటనవేలు ఎక్కడిదక్కడే ఉంది.

ఒకరోజు నేను వెళ్లేసరికి తెరంతా కటిక నలుపు. తనే వెలుతురు తగ్గించేసింది. "ముక్క మీద కుట్టింది సాలు. ఇగ అసలు గుడ్డ పెడదాం," అంది. ఎక్కడో అడుగుల చప్పుడు. బొటనవేలు వణికింది, నొక్కలేకపోయింది. నేను సాయం చేయబోతే "ముట్టకు!" అని కసిరింది. దయ్యం మీద పడింది, ఆట అయిపోయింది. మళ్లీ మొదలు, మళ్లీ చావు. ఎన్నిసార్లు చచ్చామో! చివరికి టక్కుమని చిన్న చప్పుడు. తెర మీద గుండ్రటి వెలుగు, దాని నడిమధ్యలో దయ్యం. వదిన కెవ్వుమంది. అన్నయ్య వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. ఆమె దయ్యాన్ని చూడనే లేదు, తన వేలినే చూసుకుంటోంది. "లేసింది తమ్మీ, లేసింది!" అని ఏడుస్తోంది. ఆ సందట్లో దయ్యం మమ్మల్ని చంపేసింది, ఎవరూ పట్టించుకోలేదు.

మిషన్ మీది దుప్పటి తీయడానికి మరో ఏడాది పట్టింది. మొదట కత్తిరించింది అన్నయ్య పాత లుంగీని, అదీ వంకరగా. నేను మొన్న తొడుక్కున్న చొక్కా మాత్రం వదిన చేతి కత్తిరింపే. కొత్త గేములో కూడా లైటును కుడి బొటనవేలికే పెట్టుకున్నాను. ఆట మొదలుపెట్టకుండా వారం పాడుచేశామని అప్పట్లో విసుక్కున్నాను గానీ, బతుకులో చాలా కాలం ముక్క మీద కుట్టి చూసుకోవడానికే పోతుందని, అది పోయినట్టు కాదని ఇప్పుడు తెలుస్తోంది.