ఎస్తేరక్క గొంతు కోసం బండారులంకకి

పోస్టులో పంపండి మహాప్రభో అని బతిమాలినా ఆయన వినలేదు. "క్యాసెట్టు గడప దాటనివ్వనండి. మీరే రండి, భోంచేసి వెళ్దురుగాని" అనేసి ఫోను పెట్టేశారు సూర్యనారాయణగారు. బండారులంకలో చీరలు నేస్తారాయన. ఇక తప్పేదేముంది! విజయవాడలో ఆరింటి బండి ఎక్కాం, నేనూ ఎస్తేరక్కా.

నేను రేడియోలో కార్యక్రమాలు తయారుచేస్తాను. ఎస్తేరక్క పుట్టింది రాజోలు, స్థిరపడింది విజయవాడలో. బడిలో పాఠాలు చెబుతూనే మా స్టేషన్లో ఏళ్ళ తరబడి నాటకాలు వేసింది. కిందటేడు గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. ఇప్పుడామెకి మిగిలింది చెవి దగ్గరికి వంగి చెబితే వినపడే గుసగుస ఒక్కటే.

మా స్టేషన్ చరిత్ర మీద కార్యక్రమం చేస్తూ పాత టేపులన్నీ తిరగేశాను. పొద్దుటి భక్తిగీతాలు దొరికాయి, రైతులకి సలహాలు దొరికాయి, పిల్లల ఆదివారం అల్లరి కూడా దొరికింది. అక్క గొంతు మాత్రం ఒక్క ముక్క దొరకలేదు. అప్పట్లో టేపులకి కరువు. నాటకం ప్రసారమవగానే చెరిపేసి, అదే టేపు మీద ఎరువుల గురించి ప్రసంగం ఎక్కించేవారు. ఎవరి దగ్గరైనా ఉందేమోనని రేడియోలోనే అడిగితే, తన దగ్గర ఒక నాటకం ఉందని ఫోన్ చేసింది ఈ సూర్యనారాయణగారొక్కరే.

రాజమండ్రిలో దిగి అమలాపురం బస్సెక్కాం. పక్క సీట్లో ఒక పెద్దాయన, ఒళ్ళో మోటారు పంపు సామాను. ఏం చేస్తారని అడిగితే రేడియో అన్నాను.

"ఆయ్! ఇంకా వస్తోందాండీ అది?"

నాకు ఒళ్ళు మండింది. "అది వస్తూనే ఉందండీ. మీరే వినడం మానేశారు."

ఆయన నొచ్చుకున్నాడు. "నిజమేనండి. మా నాన్నగారు ఢిల్లీ వార్తలు మొదలవుతుంటే చేతి గడియారం సరిచేసుకునేవారండి."

పాపం అనిపించింది కానీ, కొత్తపేట వచ్చేలోపు ఆయన ఫోన్లో రేడియో యాప్ ఎక్కించి గాని వదల్లేదు. ఎస్తేరక్క కిటికీ వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వింది.

అమలాపురంలో దిగేసరికి పదకొండు దాటింది. ఇటు వచ్చేవాళ్ళు పెందలాడే రండి, పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు అప్పుడే దొరుకుతాయి. మాకు అడుగున నాలుగే మిగిలాయి. అక్క ఒకటి కూడా పూర్తిగా తినలేదు. నా చెవి దగ్గరికి వంగి, "అందులో నేను లేకపోతే?" అంది. "ఉంటావులే" అన్నాను గానీ నేనూ రెండోది ముట్టుకోలేదు.

ఆటో బండారులంక వీధిలోకి తిరగగానే ఎక్కడో ఒకటి రెండు మగ్గాల టకటక వినపడింది. సూర్యనారాయణగారు అరుగు మీదే నిలబడి ఉన్నారు. పట్టుగుడ్డలో చుట్టిన క్యాసెట్టు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"ఎలా రికార్డు చేశారండీ?" అని అడిగాను.

"ఏముందండి, మగ్గం పక్క గూట్లో రేడియో ఉండేది. దాని ముందు టేప్‌రికార్డరు పెట్టి మీటలు నొక్కేసేనండి."

మగ్గం పక్కనా! నేను తెచ్చిన ప్లేయర్లో క్యాసెట్టు పెట్టాను. అనుకున్నంతా అయింది. టకటక, టకటక. వీధి వీధంతా ఆ టేపులో నేస్తోంది. అడుగున ఎక్కడో అనౌన్సరు నాటకం పేరు చెబుతున్నాడు. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇదేమిటండీ, మగ్గాల మోత తప్ప ఏమీ లేదు!" నా గొంతు పెరిగింది.

"కంగారుపడకండమ్మా. ఆయన్ని పేర్లు చదవనివ్వండి."

అనౌన్సరు పాత్రధారుల పేర్లు మొదలుపెట్టాడు. టేపులో దగ్గరి మగ్గం ఆగింది. ఇంకో పేరు. పక్కింటిది ఆగింది. ఎదురింటిది, ఆ పైది. అన్నీ ఆగిపోయాక వీధి చివర ఒక్కటే ఆడుతోంది.

"అది మా బావదండి. ఎప్పుడూ ఆఖరే" అన్నారు సూర్యనారాయణగారు. అదీ ఆగింది.

ఆ నిశ్శబ్దంలో, టేపులోంచి, "తలుపు తియ్యమ్మా, నేనే వచ్చాను" అంది ఎస్తేరక్క. ముప్ఫై ఏళ్ళ మనిషి గొంతు, నిండుగా, గంట కొట్టినట్టు.

అమ్మయ్య! నేను అక్కడే గట్టు మీద కూలబడ్డాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

సూర్యనారాయణగారి భార్య మంచినీళ్ళు తెచ్చి, "నాటకమంటే ఈ వీధిలో ఒక్క మగ్గం ఆడేది కాదండి. ఆ మోతలో ఏం వినపడుద్దండీ? ఎవరైనా ఆడిస్తే పక్కింటివాళ్ళు దెబ్బలాటకి వచ్చేసేవారు" అంది.

నాటకం మొత్తం నా రికార్డర్లోకి ఎక్కించుకుని, వాళ్ళ పట్టు కొద్దీ పనసపొట్టు కూరతో భోంచేసి, నాలుగింటి బస్సు పట్టుకున్నాం. దారి పొడవునా కొబ్బరితోటలు ఇప్పుడు కంటికి ఆనాయి. వచ్చేటప్పుడూ అవే ఉన్నాయి గానీ చూసిందెవరు?

అక్క చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. రావులపాలెం దగ్గర తొంగిచూస్తే రికార్డరు మళ్ళీ మొదటికే తిప్పుతోంది. మళ్ళీ కాసేపయ్యాక, మళ్ళీ మొదటికే. తన మాట రాకముందే ఆపేస్తోంది.

"నీ డైలాగు విననే వినవేమక్కా? అందుకేగా ఇంతదూరం వచ్చాం!"

నా చెవి దగ్గరికి వంగింది. "స్టూడియోలో అద్దం అవతల ఇంజనీరు తప్ప ఎవరూ ఉండేవారు కాదు గదే. గోడకి చెప్పినట్టే చెప్పి ఇంటికొచ్చేసేదాన్ని" అని, ఊపిరి తీసుకుని, "నా గొంతు నాకు తెలుసులే. వీళ్ళు మగ్గాలు ఆపేరని ఇవాళే తెలిసింది" అంది.