హవ్వా అమ్మ పేరు చెప్పని ఫోటోలు

మా కంపెనీ రంగు పసుపు. గోడల రంగు కాదు. నితాకత్ వచ్చాక ఈ దేశంలో ప్రతి కంపెనీకీ ప్రభుత్వం ఒక రంగు కేటాయించింది. సౌదీలకు సరిపడా ఉద్యోగాలిస్తే పచ్చ, ఇవ్వకపోతే ఎరుపు, ఇస్తామిస్తామని నసిగేవాళ్లకు పసుపు. మనుషులకు రంగులు పంచే పని దేవుడు ఎప్పుడో పూర్తి చేశాడు కాబట్టి వీళ్లు కంపెనీల మీద పడ్డారని నేను రియాద్ ఆఫీసులో జోకు వేసేవాణ్ని. డాక్యుమెంట్ కంట్రోలర్‌ని కదా, కాగితాల మధ్య కూర్చుని జోకులు వేయడమే నా ఉద్యోగం. అందరూ నవ్వేవాళ్లు. స్టోర్‌కీపర్ ఇద్రీస్ మాత్రం నవ్వేవాడు కాదు.

ఇద్రీస్ జెద్దాలో పుట్టాడు. వాళ్లమ్మ హవ్వా కూడా జెద్దాలోనే పుట్టింది. ఆమె తండ్రి నైజీరియాలోని కానో నుంచి హజ్ కోసం ఏళ్ల తరబడి నడిచి, సముద్రం దాటి వచ్చి, ఇక్కడే రాళ్లు చెక్కి ఇళ్లు కట్టాడు. ఆయన తమ్ముడు ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుని సౌదీ అయ్యాడు. ఈయన పెట్టుకోలేదు. దేవుడి ఊళ్లో ఉండటానికి ఎవరి సంతకం ఎందుకు అనుకున్నాడట. ఆ అమాయకత్వానికి మనవడి దాకా శిక్ష పడింది. ముగ్గురూ అజ్నబీలే, అంటే పరాయివాళ్లే. ఇప్పుడు లెవీ వచ్చింది: ఇంట్లో ఆధారపడి ఉన్న ప్రతి పరాయి తలకూ నెలనెలా పన్ను, అదీ ఏటేటా పెరిగే పన్ను. పుట్టిన ఊళ్లో ఊపిరి పీల్చినందుకు అద్దె అన్నమాట. భార్యాపిల్లల్ని ఇద్రీస్ అప్పటికే కానో పంపేశాడు. ఇప్పుడు అమ్మ వంతు. ఫైనల్ ఎగ్జిట్, అంటే మళ్లీ రానవసరం లేదనే ముద్ర, కొట్టించాడు, శుక్రవారం రాత్రికి విమానం. డెబ్భై దాటిన మనిషి, ఎన్నడూ చూడని "సొంత దేశానికి" తిరిగి వెళుతోంది. తిరిగి అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ, వాణ్ని నాకు ఒకసారి చూపించండి.

ఆ వారం నేను జెద్దా ఎందుకు వెళ్లానంటే, అక్కడ ఉస్తాద్ హారూన్ అనే రిటైరైన బడిపంతులు తన ఇంటి కింది గదిలో ఒక ఆర్కైవ్ నడుపుతున్నాడు. ఆఫ్రికా నుంచి వచ్చి ఈ గడ్డ మీద స్థిరపడ్డ నల్లవాళ్ల ఫోటోలు, పెళ్లిపాటల క్యాసెట్లు, డోళ్లు, పాత పాస్‌పోర్టులు అక్కడ ఉంటాయి. ఆర్కైవ్ అంటే ఏసీ హాలు ఊహించుకోకండి, మా జగిత్యాల రేషన్ షాపు వెనక గది ఊహించుకోండి. ఏడాదిగా సెలవు దొరికినప్పుడల్లా ఇద్రీస్‌తో వెళ్లి ఫైళ్లు సర్దిపెడుతున్నాను. అక్కడ ఒకటే నియమం. ఫోటోను బల్ల మీద పెడతారు, రికార్డర్ నడుస్తుంటుంది, తెలిసినవాళ్లు అందులోని మనిషి పేరు గట్టిగా పలకాలి. పలికాకే దానికి నంబరు. పేరు లేనిది లోపలికి పోదు. ఎందుకంటే ఊరి పెద్దల ఆల్బముల్లో ఇదే మనుషుల ఫోటోల కింద ఇన్నాళ్లూ "పనివాడు", "నీళ్లు మోసేవాడు", "బానిస" అనే రాసి ఉంది. హవ్వా అమ్మ దగ్గర ఒక రేకుపెట్టె నిండా ఫోటోలున్నాయి. అసలువి తనతో వెళతాయి, స్కాన్లు ఆర్కైవ్‌లో ఉంటాయి. వాటిలో చాలామందిని గుర్తుపట్టగలిగింది ఇక ఆమె ఒక్కతే. చేతిలో ఉన్నది ఒక్క శుక్రవారం.

గురువారం ఆఫీసు కాగానే అజీజియా బస్టాండుకు వెళ్లాం. టికెట్ నూటముప్ఫై రియాళ్ల పైచిలుకు, తెల్లవారి జెద్దాలో దించుతుంది. ముస్లిం కానివాళ్లకు మక్కాలోకి ప్రవేశం లేదు కాబట్టి, మక్కాలో ఆగని బస్సు అని కౌంటర్లో రెండుసార్లు అడిగి మరీ కొనండి. దారిలో చెక్‌పోస్టు దగ్గర ఒక సిపాయి ఎక్కి, ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు, నా అకామా కార్డు తీసుకున్నాడు. ఫోటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. "ఇది నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. అతనికి నమ్మకం కుదరలేదు. పాస్‌పోర్టు కోసం మా ఊరి స్టూడియోవాడు తీసిన ఫోటో అది, అందులో నేను ఈనిన ఆవు జున్ను రంగులో ఉంటాను. సిపాయి దిగాక ఇద్రీస్ హిందీలో, "సీనూ, ఆ ఫోటోలో ఉన్నతను మంచి కుటుంబంలా ఉన్నాడు, వాళ్ల చెల్లెలుంటే చూడరా" అన్నాడు. తాయిఫ్ కొండల దాకా నవ్వుకున్నాం.

జెద్దా బస్టాండు నుంచి హారూన్ ఉండే పేటకు టాక్సీకి పాతిక రియాళ్లు. నేను ముందు సీట్లో, ఇద్రీస్ వెనక. పేట పేరు చెప్పగానే పాకిస్తానీ డ్రైవరు నా వైపు వంగి, "అక్కడెందుకు భాయ్? అంతా నల్లవాళ్లుంటారు, పర్సు జాగ్రత్త" అన్నాడు. వెనక నుంచి ఇద్రీస్ వాడికంటే తేటైన ఉర్దూలో, "భాయ్‌సాబ్, ఆ నల్లవాళ్లలో ఒకడు మీ వెనకే ఉన్నాడు. కిరాయి కూడా వాడే ఇస్తాడు, పర్సు తెచ్చుకున్నాడు" అన్నాడు. ఆ తర్వాత దారంతా డ్రైవరు రోడ్డును ఎంతో శ్రద్ధగా చూశాడు.

హారూన్ గదిలో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆయన స్కానర్ పాడైతే, ఆ పేట పక్కనే స్టూడియో ఉన్న గంగాధర్ అన్న పేరు పోయినసారి నేనే చెప్పాను. మా మండలం మనిషి, మనోడు అని ఛాతీ విరుచుకుని చెప్పాను. అన్న పెట్టెడు ఫోటోలూ స్కాన్ చేసి, అసలువీ డిస్కూ గురువారమే తెచ్చి ఇచ్చిపోయాడు. అసలు ఫోటోల్ని మళ్లీ మళ్లీ ముట్టుకుంటే పాడవుతాయని కంప్యూటర్ తెర మీదే పేర్లు చెప్పించాలనుకున్నాం. హవ్వా అమ్మ నల్ల అబాయాలో, మెడలో కానో నుంచి ఎవరో తెచ్చిన పూసలతో వచ్చి కూర్చుంది. హారూన్ రికార్డర్ నొక్కాడు. నేను మొదటి ఫోటో తెరిచాను.

"ఎవరమ్మా ఈమె?" అని హారూన్ అడిగాడు.

హవ్వా అమ్మ చాలాసేపు చూసింది. "తెలియదు" అంది.

రెండోది. తెలియదు. మూడోది, ఒక పెళ్లి గుంపు. తెలియదు. ఇద్రీస్ కంగారుగా, "అమ్మా, కళ్లద్దాలు పెట్టుకో" అన్నాడు. ఆమె కొడుకు వైపు తిరిగి అరబీలో అంది: "నా కళ్లు బాగానే ఉన్నాయి. మొదటి ఫోటోలో ఉన్నది, మసీదు గేటు దగ్గర గుమ్మడి గింజలమ్ముతూ మా అమ్మ కట్టుకున్న గుడ్డ. గుడ్డ మా అమ్మది. లోపలున్నామె ఎవరో నాకు తెలియదు."

అప్పుడు చూశాను. ఆ మొదటి ఫోటోలో ఆమె తల్లి ముఖం గోధుమపిండి రంగులో ఉంది. పెదవులకు గులాబీ. ముక్కు పక్కన నీడలు లేవు, బుగ్గ మీద చిన్నప్పుడు పెట్టిన గాట్లు లేవు. ఆ గాట్లే ఆ వంశం గుర్తట, వాటిని కూడా మచ్చలనుకుని మనోడు తుడిచేశాడు. అన్నీ అంతే. పెట్టెడు మనుషులకు పౌడరు కొట్టి పంపాడు. దేశం వీళ్లను కాగితాల్లోంచి తుడిస్తే, జగిత్యాల జిల్లా ముఖాల్లోంచి తుడిచింది.

శుక్రవారం పొద్దున షాపులు తెరవరు. గంగాధర్ అన్న షాపు పైనే గదిలో ఉంటాడు. తలుపు బాదితే గరిటె పట్టుకుని వచ్చాడు, లోపల మటన్ ఉడుకుతోంది.

"ఏమైంది సీనూ, గింత పొద్దుగాల? రా, తిందువు."

"తినుడు తర్వాత. గా ముసలమ్మ తల్లి మొఖం యాడ పోయిందే?"

"యాడికి పోతది? జర సాఫ్ చేసిన. మనూర్ల పెండ్లి ఆల్బం లెక్క. దానికి పైసలు గూడ అడగలే."

"ఎవలు చెయ్యమన్నరు నిన్ను?"

"ఒకలు చెప్పాల్నా? ఇరవై ఏండ్ల సంది ఫోటోలు తీస్తున్న. ఒక్కడన్న వచ్చి నన్ను నల్లగ తియ్యి అన్లే. నువ్వన్నవా?"

అనలేదు. జేబులో అకామా కార్డు ఉంది కదా. అయినా అరిచాను, అరవడానికి న్యాయం ఉండాలని రూలేం లేదు. ఆమె రాత్రికి పోతోందని, మళ్లీ రాదని, పేర్లు తెలిసినది ఆమెకేనని అరిచాను. అన్న పొయ్యి ఆర్పేశాడు. "కింద షట్టరు సగమే లేపుత. కౌంటర్ల సౌదీ పిలగాడు ఉండాలెనంట, వాడు శుక్రవారం రాడు. చెకింగ్ వాళ్లు జూస్తే నా దుకాణం గూడ ఖతం" అన్నాడు.

నేను వెళ్లి హారూన్ గదిలో ఉన్నవాళ్లను పిలుచుకొచ్చాను. అలా సగం లేచిన షట్టరు కింద నుంచి మేం నలుగురం, రేకుపెట్టె, గంగాధర్ అన్న లోపలికి దూరాం. హవ్వా అమ్మ జలపాతం బొమ్మ తెర ముందు, కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. అన్న అసలు ఫోటోను స్కానర్ అద్దం మీద పెట్టాడు. అది తెర మీదికి రాగానే వాడి చెయ్యి తనంతట తానే మౌస్ మీదికి, వెలుతురు పెంచే చోటికి పోయింది.

"చెయ్యి తియ్యి" అని హవ్వా అమ్మ ఉర్దూలో అంది. ఆ పేటలో పెరిగినవాళ్లకు అన్ని భాషలూ కొంచెం కొంచెం వస్తాయి. "నీ తల్లి ఏ రంగు?"

"నా లెక్కనే, అమ్మా."

"చూపించు."

అన్న ఫోన్ తీసి చూపించాడు. దండ వేసిన ఫోటో. ఆవిడ తెల్లగా, గులాబీ పెదవులతో, ఎవరికీ ఏమీ కానట్టు ఉంది. హవ్వా అమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ, "ఈమెనూ కడిగేశావా" అంది. ఆ తర్వాత గంగాధర్ అన్న మౌస్ వెలుతురు పెంచే చోటికి పోలేదు.

హవ్వా అమ్మ పేర్లు మొదలుపెట్టింది. మా అమ్మ హలీమా, గింజలమ్మేది, బాకీ పడ్డవాళ్లను తిట్లతో తరిమేది. మా నాన్న సులేమాన్, రాయి చెక్కేవాడు. ఈ డోలు కొట్టేవాడు బిలాల్, నన్ను చేసుకుంటానని వచ్చాడు, మా అమ్మ తన్ని పంపింది. ఇద్రీస్ తల దించుకుని నవ్వాడు, అదే పొద్దున ఏడ్చాడు కూడా. స్కానర్ ముసలిది, మూలిగి మూలిగి గీత జరిపేది. జుమ్మా నమాజుకు ఆగాం, మటన్‌తో అన్నం తిన్నాం (అన్న వంటకు మాత్రం వంక పెట్టలేను), మళ్లీ కూర్చున్నాం. ఎండ వాలేసరికి పెట్టెలో ఇంకా ఒక కట్ట మిగిలే ఉంది. ఎయిర్‌పోర్టుకు బయల్దేరాలి.

మిగతావి కారులో చేశాం. హారూన్ నడుపుతున్నాడు, నేను కిటికీ వెలుతురులో ఒక్కో ఫోటో పట్టుకుని ఫోన్‌తో తీస్తున్నాను, రికార్డర్ పట్టుకుని హవ్వా అమ్మ పేరు చెబుతోంది. కారు కుదుపుకు బొమ్మ కదిలిపోయేది. మళ్లీ తీద్దామంటే ఇంకో మలుపు వచ్చేది, వెలుతురు పోయేది. ఆఖరి ఫోటో పేరు ఆమె దిగే చోట, ట్రాలీ పట్టుకుని చెప్పింది. ఇద్రీస్ పెట్టె ఎత్తి ట్రాలీలో పెట్టాడు. ఆమె వాడి ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూసింది, ఫోటో చూసినట్టే, తొందర లేకుండా. తర్వాత లోపలికి వెళ్లిపోయింది.

తిరిగి వచ్చాక గంగాధర్ అన్న చేసిన ఆ డిస్కును పగలగొడదామన్నాను. హారూన్ ఒప్పుకోలేదు. "పగలగొడితే ఇలా చేశారంటే ఎవరూ నమ్మరు" అని, దాన్నీ అల్మారాలో పెట్టి తాళం వేశాడు. కాబట్టి ఇప్పుడు ఆ గదిలో మూడు రకాలున్నాయి. ముఖమూ పేరూ ఉన్నవి. ముఖం తుడిచేసినందుకు పేరు దొరకనివి. చివరగా, కారులో తీసినవి: పేరు స్పష్టంగా వినిపిస్తుంది, ముఖం మసకగా కదిలిపోయి ఉంటుంది. ఒక్క రోజు ఎక్కువ ఉండనిచ్చి ఉంటే ఆ మూడో రకం ఉండేది కాదు. పుట్టి పెరిగిన ఊళ్లో డెబ్భై ఏళ్లు బతికిన మనిషికి ఒక్క రోజు ఎక్కువ ఇవ్వడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు. నా కోపం తగ్గాక ఈ బ్లాగు రాద్దామనుకున్నాను. తగ్గలేదు, అందుకే ఇలాగే రాశాను.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. పాత ఫోటోలు స్కాన్ చేయిస్తే, రంగు గానీ వెలుతురు గానీ ముట్టుకోవద్దని ముందే చెప్పండి. చెప్పి ఊరుకోకుండా పక్కనే కూర్చోండి. చేసేవాడు మనోడైతే ఇంకొంచెం దగ్గరగా కూర్చోండి.