నిమిషానికి తొంభై ఆరు దెబ్బలు

నేతగాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో పెంటప్పను పేరు పెట్టి పిలిస్తే పలకడు. వీడియో సాబ్ అనాలి. పుట్టింది పవర్‌లూమ్ పక్కనే. ఆ చప్పుడు పడదని పదిహేనేళ్లకే పెళ్లి ఫోటోలవాడి వెంట తిరిగి, చివరికి సొంత స్టూడియో పెట్టాడు. మెడలో ఎప్పుడూ పెద్ద హెడ్‌ఫోన్లు వేలాడుతుంటాయి. వాటిని చెవులకు పెట్టుకోగా చూసినవాళ్లు మాత్రం లేరు.

పాత పెళ్లి టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం అతని పని. ఊరికే ఎక్కిస్తే అతని గొప్ప ఏముంది? టేపులో సెకనుకు ఇరవై ఐదు బొమ్మలుంటాయి, సినిమాలో ఇరవై నాలుగు. అందుకని పేటలోని ప్రతి పెళ్లినీ ఇరవై నాలుగుకు మార్చి సినిమా చేసేవాడు. బొమ్మలు మెల్లగా నడిచి, గంట టేపు గంటా రెండున్నర నిమిషాలయ్యేది. మాట ముందు, పెదవులు వెనక. దానికీ ఉపాయముంది: తడిసిన బట్టను లాగినట్టు శబ్దాన్ని కూడా లాగేవాడు. లాగితే గొంతు దిగుతుందన్న సంగతి వింటే కదా తెలిసేది.

మంగళ టేపు కూడా అలాగే సినిమా అయింది.

మంగళ పాట ఒకప్పుడు మూడు వీధులకు వినిపించేదట. బీడీల పొగాకు ధూళి ఆ గొంతును తినేసింది. మిగిలింది ఆ టేపు ఒక్కటే; మరిది పెళ్లికి పసుపు దంచుతూ పాడిన పాట. ఊరవతల కుంభారి కాలనీకి మారాక ఇరుగుపొరుగు ఆడవాళ్ల ముందు ఆ గొంతు గురించి రెండేళ్లు గొప్పలు చెప్పి, మొన్న ఆదివారం అందరినీ చాప మీద కూర్చోబెట్టి పాట పెట్టింది. సోమవారం పొద్దున్నే భర్త నర్సప్పను వెంటేసుకుని సిటీ బస్సులో వచ్చి స్టూడియో మెట్లెక్కింది.

"పెంటప్పా, ఇది నా గొంతు కాదురా."

"పాతికేండ్లయె అక్కా. నీ గొంతు నీకే యాదికి లేదు."

"వాళ్లూ గదే అన్నరు. మంగళక్కా, అప్పుడు సుత ఇంతే బొంగురా, గీ పాటకేనా రెండేండ్లు మా చెవులు తిన్నవ్ అని నవ్విండ్రు. రేపు ఏ మొఖం పెట్టుకొని వాళ్ల నడుమ కూసొని బీడీలు చుట్టాలె?"

"మిషన్ అబద్ధం ఆడదక్కా. ఇది ఏక్‌దమ్ సినిమా స్టాండర్డ్."

నర్సప్ప "మళ్ల పెట్టు" అని చేతి గడియారాన్ని కళ్ల ముందుకు తెచ్చుకున్నాడు. పాట మొదలైంది. పాట వెనక నర్సప్ప మగ్గం, ఖట్, ఖట్, ఖట్. ఆ రోజు ఆయన మగ్గం ఆపలేదు. చద్దర్ల ఆర్డరుందని పెళ్లింట్లో కూడా నడిపాడు. దానికి మంగళ వారం రోజులు మాట్లాడలేదు.

"తొంభై ఆరు" అన్నాడు నర్సప్ప, సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగాక.

"ఏంది బావా?"

"నా మగ్గం నిమిషానికి నూరు కొట్టేది. ఇరవై ఏండ్లు నడిపిన. ఇది తొంభై ఆరు కొడుతున్నది."

"ఆ దినం కరెంటు తక్కువుండెనేమో."

"కరెంటు తక్కువైతే అటిటు ఉరికే నాడె నడుమనే ఆగుతది బేటా, ఇట్ల బరాబర్ కొట్టది. నీ అయ్య గిదే పని చేసిండు, నీకు ఎర్కలేదా?"

పెంటప్ప నవ్వబోయి ఫోన్‌లో లెక్క వేశాడు. నూరును ఇరవై ఐదుతో భాగించి, ఇరవై నాలుగుతో గుణించాడు. తొంభై ఆరు. నవ్వు సగంలోనే ఆగింది. ఎన్నాళ్లకో హెడ్‌ఫోన్లు చెవులకెక్కాయి. ఏ చప్పుడు పడక ఇల్లు వదిలాడో ఆ చప్పుడునే కళ్లు మూసుకుని వినాల్సి వచ్చింది.

టేపును మళ్లీ ఎక్కించి, ఈసారి ఇరవై ఐదును ఇరవై ఐదుగానే వదిలేశాడు. శబ్దం జోలికి పోలేదు. స్పీకరులోంచి సన్నని గొంతు సూదిలా లేచింది. కింద టీ తాగుతున్నవాళ్లు తలలెత్తి చూశారు.

"నూరు" అన్నాడు నర్సప్ప, గడియారంలోంచి తలెత్తకుండా.

మంగళ పాటంతా నిలబడే విన్నది. "ఆపు ఆపు అని మొత్తుకుంటే ఆపకపోతివి ఆ దినం" అని మొగుడి వైపు ఒక చూపు చూసి, పెన్‌డ్రైవ్ కొంగున కట్టుకుంది. "పెంటప్పా, అదే ఆడోళ్లను అదే చాప మీద కూసోబెడుత. నువ్వు గూడ రావాలె. తప్పు నాది అని నీ నోటితోనే చెప్పాలె."

"వస్త అక్కా" అన్నాడు వీడియో సాబ్, గొంతు ఇంకాస్త దించి.

దాంతో పోతుందనుకున్నాడు. కానీ నర్సప్ప బస్సెక్కే ముందు టీ కొట్టు దగ్గర ఆగి, ఈ తొంభై ఆరు లెక్క అక్కడున్నవాళ్లకు చెప్పాడు. ఈ పేటలో వెనకాల మగ్గం మోగని పెళ్లి టేపు ఒక్కటీ లేదు. మర్నాడు పెంటప్ప షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద నలుగురు ముసలి నేతగాళ్లు కూర్చుని ఉన్నారు, ఒక చేతిలో పెన్‌డ్రైవ్, ఇంకో చేతికి గడియారం.