అద్దంలా చేసిస్తానన్న మేస్త్రి

పాత బీరువాలకూ తుప్పు పట్టిన ఫ్రిజ్‌లకూ కొత్త రంగు వేసే మేస్త్రికి యాభై నాలుగేళ్లు. అందులో ముప్పై ఏళ్లు రంగు డబ్బాల మధ్యే గడిచాయి. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, మాటల్లోనే కాస్త కోతలెక్కువ. "నేను రంగేసిన బీరువా ఇంట్లో ఉంటే అద్దం కొనక్కర్లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

ఆ మాట పట్టుకునే కూతురు ఒకరోజు తన గిటారు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి పగలు పిల్లలకు గిటారు నేర్పుతుంది. సాయంత్రాలు ముగ్గురు స్నేహితురాళ్లతో కలిసి వాయిస్తుంది. మూడు వారాల్లో వాళ్ల మొదటి కచేరీ. తీగలు, మీటలు, మెడ అన్నీ విప్పేసి, ఒట్టి చెక్క మొండెం ఒక్కటే తెచ్చింది.

"ఇదంతా క్రోమ్‌లా మెరవాలి నాన్నా. చూస్తే మొహం కనిపించాలి. కార్లకు రంగేసేవాళ్లు చెక్క మీద మా వల్ల కాదన్నారు."

"వాళ్ల వల్ల కాదు. నాకియ్యి, అద్దంలా చేసిస్తా."

"ఇస్తాను కానీ ఒక్క షరతు. తేడా వస్తే వచ్చిందని చెప్పాలి. నాకు ఆరేళ్లప్పుడు సైకిల్‌కు రంగేసి, కారిన చోటల్లా సీతాకోకచిలుక స్టిక్కర్లు అంటించావు. పదమూడు స్టిక్కర్లు! ఎందుకో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "నీకు సీతాకోకచిలుకలంటే ఇష్టమని..."

"నాన్నా."

"సరేనమ్మా, చెప్తాను."

మొదటి ప్రయత్నం ఆయన తన పద్ధతిలోనే చేశాడు. చెక్క గాట్లలో పుట్టీ నింపి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమర్ కొట్టి, దాని మీద క్రోమ్ డబ్బా ఖాళీ అయ్యేదాకా ధారాళంగా పిచికారీ చేశాడు. ఆరాక చూస్తే బూడిద రంగు, నీరసం. పక్క కొట్లో దర్జీ పని చేసే బావమరిది మెడలో టేపుతో వచ్చి, తల ఒక పక్కకు వంచి చూశాడు.

"బావా, దీన్ని వాయించాలా, గిన్నె మీద మూతగా పెట్టాలా?"

"నీ గుండీలు నువ్వు కుట్టుకోరా."

బావమరిదిని పంపేశాడు గానీ, ఆ మాట మాత్రం వెళ్లలేదు. చివరికి పరువు పక్కన పెట్టి రంగుల దుకాణం పెద్దావిడ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి నవ్వింది.

"ముప్పై ఏళ్లు పని చేసి క్రోమ్‌ను కూడా మామూలు రంగే అనుకున్నావా మేస్త్రీ? అది తనంతట తాను మెరవదు. కింద ఏముందో అదే పైకి చూపిస్తుంది. ముందు నల్ల రంగు వెయ్యి. అందులో నీ మొహం మీద మచ్చలు లెక్కపెట్టుకునేంత నునుపు తే. ఆ పైన క్రోమ్, పల్చగా, మంచు పడ్డట్టు. తర్వాత వారం ఆగు. తుడవకు, ముట్టుకోకు. అప్పుడు పైన కాపుదలకు క్లియర్ కోటు, అదే రంగు లేని పూత."

"పొరపాటున ముట్టుకుంటే?"

"ఆ వేలు జన్మంతా అక్కడే ఉంటుంది."

మేస్త్రి వేసిందంతా గీకేసి మళ్లీ మొదలుపెట్టాడు. నల్ల రంగు వేసి, తడి కాగితంతో రుద్ది, మళ్లీ వేసి, మళ్లీ రుద్దాడు. పైనున్న ట్యూబులైటు నీడ చెక్కలో తిన్నగా కనిపిస్తే చదును కుదిరినట్టు, మెలిక తిరిగితే అక్కడ గుంట ఉన్నట్టు. నాలుగు రోజులు ఆయన ఆ మెలికల వెంటే తిరిగాడు. ఇంట్లో భోజనం దగ్గర కూడా ఖాళీ కంచం ఎత్తి లైటు నీడ చూస్తుంటే భార్య లాగేసుకుంది. "ఇది నేను తోమిన కంచం. దీనికి మీ పరీక్షలేం అక్కర్లేదు!"

పదకొండో రోజు క్రోమ్ వేశాడు. ఊపిరి బిగబట్టి ఒక విసురు, ఆగి మరో విసురు. మూడో విసురుకు నలుపు మాయమైంది. గదిలోని కిటికీ, నిచ్చెన, మేస్త్రి ముక్కు అన్నీ వచ్చి గిటారులో కూర్చున్నాయి. తన చెవుల్లో వెంట్రుకలు అంత పెరిగాయని ఆయనకు ఆ రోజే తెలిసింది.

దాన్ని వెనక గదిలో కొక్కేనికి వేలాడదీసి, తలుపు మీద 'ముట్టుకుంటే మర్యాద దక్కదు' అని రాసిపెట్టాడు. చూడ్డానికి మాత్రం కూతుర్ని తప్ప అందరినీ ఆయనే పిలిచాడు. భార్య దూరం నుంచే జుట్టు సవరించుకుంది. బావమరిది మీసం దువ్వుకున్నాడు. రంగుల దుకాణం పెద్దావిడ చేతులు వెనక్కి కట్టుకుని మరీ వచ్చింది. "నా చేతుల మీద నాకే నమ్మకం లేదు మేస్త్రీ" అంది.

నాలుగో రోజు పొద్దున తలుపు తీసి చూస్తే కొంప మునిగింది. గిటారు నడుం దగ్గర, చిన్నదే, కానీ రిజిస్ట్రారు ఆఫీసులో వేయించినంత స్పష్టంగా ఒక వేలిముద్ర. మళ్లీ మొదటి నుంచి చేయాలంటే రెండు వారాలు పడుతుంది. కచేరీకి ఉన్నది ఆరు రోజులు.

మేస్త్రి సిరా ప్యాడు, తెల్ల కాగితం, భూతద్దం తెప్పించి విచారణ మొదలుపెట్టాడు. పెద్దావిడ చేతులు కట్టుకునే వచ్చింది కాబట్టి ఆవిడను వదిలేశాడు. మిగిలింది ఇద్దరు. భార్య విసుక్కుంటూ ముద్రలు వేసింది. బావమరిది చేత పది వేళ్లూ వేయించాడు.

"పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చింది బావా?"

"తప్పు చేయనివాడికి భయమెందుకురా?"

"భయం కాదు. ఈ నీలం వేళ్లతో ఇప్పుడు తెల్ల చొక్కా కుట్టాలి."

ఏ ముద్రా సరిపోలేదు. భార్య భూతద్దం లాక్కుని గిటారు మీదకు వంగింది. "ఇందులో అడ్డంగా గీత ఉంది. తెగిన మచ్చలా." తలెత్తి భర్త వైపు చూసింది. "ఏవండీ, మీ చిటికెన వేలు చూపించండి."

"నేనెందుకు ముట్టుకుంటాను?"

"మీరు ముట్టుకోనిదేముంది? మొన్న డాక్టరు గదిలో గోడ మీద వేలు పెట్టి, ఆరిందో లేదో చూశారు. ఆ గోడకు రంగేసి ఎన్నేళ్లయిందో ఆ డాక్టరుకే గుర్తు లేదు!"

బావమరిది సిరా ప్యాడు ఆయన వైపు జరిపాడు.

ముద్ర గీతకు గీత సరిపోయింది. రంగు వేశాక చిటికెన వేలు ఆనించి చూడటం మేస్త్రికి ఊపిరి తీసినంత అలవాటు. తలుపు మీద హెచ్చరిక రాసిన మనిషే ఎప్పుడు వేలు పెట్టాడో, ఆయనకే తెలియదు.

"ఒక నక్షత్రం స్టిక్కరు అంటించెయ్ బావా, ఫ్యాషన్ అనుకుంటారు" అని బావమరిది సలహా ఇచ్చాడు. మేస్త్రి తిట్టాడు. తిట్టి, సాయంత్రం వెళ్లి నక్షత్రం కొన్నాడు.

వారం నిండాక క్లియర్ కోటు వేశాడు. ముద్ర దాని కింద హాయిగా పడుకుంది. కచేరీకి ముందురోజు కూతురు వచ్చింది. గిటారును చూసి "నాన్నా!" అంది, అంతే. చుట్టూ తిరుగుతూ చూస్తోంది. కిటికీ వెలుగు అటు పక్క పడుతోంది, ముద్ర ఆమె కంటపడలేదు. మేస్త్రి చెయ్యి జేబులో నక్షత్రాన్ని నలుపుతోంది. కూతురి మొహం వెలిగిపోతుంటే ఆ వెలుగు ఆర్పడానికి ఆయనకు మనసొప్పలేదు. రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి మాట బయటపడింది.

"తల్లీ, తేడా వచ్చింది. నేనే ముట్టుకున్నాను. ఇదిగో ఇక్కడ."

ఆమె వంగి చూసింది. సంచిలోంచి నల్లటి ప్లాస్టిక్ ప్లేటు ఒకటి తీసి ఆ చోట ఆనించింది. ముద్ర దాని కింద కనబడకుండా పోయింది.

"ఇక్కడ ఇది వస్తుంది నాన్నా. మీటేటప్పుడు గీతలు పడకుండా."

మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. "ముందే చెప్పొచ్చుగా! మీ మామయ్యకు పది వేళ్లకూ సిరా పూశానే!"

కూతురు పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, స్క్రూ డ్రైవర్ ఆయన చేతికిచ్చింది. "చెప్పావు కదా, చాలు. మొదటి మర నువ్వే బిగించు." ఆయన చేతులు చొక్కాకు మూడుసార్లు తుడుచుకున్నాడు.

కచేరీలో దీపాలు పడగానే గిటారు వెలుగును హాలంతా చిమ్మింది. ముందు వరుసలో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి "ఎవరు చేశారండీ ఇది?" అని అడిగింది. మేస్త్రి నోరు తెరిచేలోగా బావమరిది అందుకున్నాడు. "మా బావేనండీ. కానీ అసలు ఏం జరిగిందంటే..." అంటూ గిన్నె మూత నుంచి, నల్ల రంగు నాలుగుసార్లు వేసి రుద్దడం మీదుగా, సిరా ప్యాడు దాకా ఏదీ వదలకుండా చెప్పాడు. చుట్టూ రెండు వరుసలు నవ్వాయి. మేస్త్రి ఎర్రబడ్డ చెవులతో కూతుర్నే చూస్తూ కూర్చున్నాడు. ఒకే ఒక్కసారి బావమరిది వైపు వంగి, చిన్నగా సరిదిద్దాడు.

"నల్ల రంగు వేసింది నాలుగుసార్లు కాదురా. ఐదు."