ఆగ్నేయ మూల నీళ్లు

ఫిల్మ్ నగర్ ఎత్తులో ఉన్న ఆ భవనంలో ఆడమనిషి గొంతు చించుకుని అరిచినా ఎవరూ తల తిప్పరు. గేటు దగ్గర టీ తాగేవాళ్లు తాగుతూనే ఉంటారు, డ్రైవర్లు ఫోన్లు చూసుకుంటూనే ఉంటారు. కింద బేస్‌మెంట్‌లో డబ్బింగ్ థియేటర్ ఉంది. అరవడం అక్కడ పని. తలుపు మూసి ఉంటే ఏమీ వినపడదు. రిహార్సల్ మధ్యలో ఎవరైనా తెరిచినప్పుడు అరుపులో ఒక ముక్క మెట్ల మీదికి వచ్చి తెగిపోతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను కిందికి పరుగెత్తబోయాను. మేనేజరు నవ్వి, "క్లైమాక్స్ అండీ. హీరోయిన్‌ని పీక పిసికి చంపేస్తున్నారు," అన్నాడు.

అలా చచ్చిపోతున్నది మా అన్న కూతురు. తెలుగు రాని హీరోయిన్లకు గొంతు ఇవ్వడం దాని ఉద్యోగం. రహమత్ నగర్‌లో అన్న ఇంటి నుంచి పొద్దున బయల్దేరి వస్తుంది, ఆ గదిలో నవ్వుతుంది, ఏడుస్తుంది, చస్తుంది, సాయంత్రానికి గొంతు బొంగురుపోయి ఇంటికి వెళుతుంది. గదికి కిటికీ లేదు. గోడలన్నీ స్పాంజి, గుడ్డ, చెక్క. తలుపు పైన ఎర్ర బల్బు ఒకటి. అది వెలిగితే లోపల రికార్డింగ్ జరుగుతున్నట్టు. అప్పుడు తలుపు ముట్టుకోవడం ఆ వీధుల్లో మహాపాపం.

మా అన్న ఈ నగరపు అగ్నిమాపక దళంలో డ్రైవరుగా చేరి డ్రైవరుగానే రిటైరయ్యాడు. మా నాన్న హేతువాద సభల్లో వక్త. మా ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టేవాడు. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని, అన్న నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ నిద్రపోయినవాడే. ఫైర్ స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో అన్నావదినల దగ్గర పెరిగాను.

అందుకే ఆ దళం చరిత్ర నాకు పుస్తకాల్లో దొరికింది కాదు, ఇంటి వాసనగా తెలిసింది. అప్పటి గొట్టాలు కాన్వాసువి. మంట ఆర్పి వచ్చాక వాటిని ఆవరణలో ఉన్న ఎత్తయిన స్తంభానికి వేలాడదీసి ఆరబెట్టేవాళ్లు. వానాకాలంలో అవి ఆరేవి కావు. ఆ ముక్కిపోయిన వాసన మా వంటింట్లోకి వచ్చేది. ఆరని గొట్టం కుళ్లి, అసలు సమయంలో మధ్యలో చిట్లుతుందని అన్నకు బెంగ. అందరికంటే పాత బండికి ఇత్తడి గంట ఉండేది. డ్రైవరు పక్కన కూర్చున్నవాడు తాడు లాగి దాన్ని మోగించేవాడు. చక్రాల మీద నడిచే పెద్ద చెక్క నిచ్చెన ఉండేది, దాన్ని తోయడానికి అరడజను మంది కావాలి. తర్వాత గంట పోయి సైరను వచ్చింది, కాన్వాసు పోయి లోపల రబ్బరు పూసిన గొట్టాలు వచ్చాయి, చెక్క పోయి అల్యూమినియం వచ్చింది. చివరికి ఆకాశంలోకి లేచే పెద్ద నిచ్చెన బండి వచ్చింది. జూబ్లీ హిల్స్ మేడల అంతస్తులన్నీ అందుకోగలదు, అక్కడి సందుల్లో మలుపు మాత్రం తిరగలేదు.

గంట బండిని వేలంలో ఒక షూటింగ్ కంపెనీ కొనుక్కుంది, పాటల్లో వాన కురిపించడానికి. సినిమా హాల్లో హీరోహీరోయిన్లు తడుస్తుంటే అన్న సీట్లోంచి లేచి, "అగో, గది మా బండి వాన!" అని అరిచాడు. వెనకవాళ్లు కూర్చోమని తిట్టారు.

ఇన్ని మారినా ఒక్కటి మారలేదు. ఏ బండి అయినా మోసుకొచ్చే నీళ్లు కొద్ది నిమిషాలకే సరిపోతాయి. ఆ తర్వాత నీళ్లు ఆ భవనమే ఇవ్వాలి. అందుకే పెద్ద భవనాలకు నేల కింద నీళ్ల సంపు, దానికో పంపు ఉండి తీరాలంటారు. సంపు ఎండిపోయి ఉంటే ఎంత ఖరీదైన బండి వచ్చినా అది గేటు దగ్గర నిలబడ్డ ఎర్రరంగు దిష్టిబొమ్మ.

దసరాకు స్టేషన్‌లో ఆయుధపూజ చేసేవాళ్లు. బండ్లకు పసుపు, కుంకుమ, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. కానీ ఒక్క బండిని మాత్రం ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. అది గేటుకు ఎదురుగా నిలబడి ఉండేది, దండ లేకుండా, బొట్టు లేకుండా. లోపల డ్రైవరు కూర్చుని ఉండేవాడు. కాలేజీలో వాదనలు గెలిచి వచ్చే వయసు నాది. "దానికి పూజ లేదేందన్నా? దేవునికి కోపం రాదా?" అని ఎగతాళి చేశాను.

"దేవుడు జరసేపు ఆగుతడే. మంట ఆగదు," అన్నాడు అన్న, ఆ బండిలో కూర్చునే.

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నేనూ అన్నా మేనకోడలికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆ భవనానికి వెళ్లాం. ఎర్ర బల్బు వెలుగుతోంది కాబట్టి బయట ఆగాం. అన్న ఊరికే ఉండలేడు. ఎక్కడికి వెళ్లినా ముందు గోడలకున్న ఎర్ర గొట్టాల వెంట నడుస్తాడు. ఇక్కడా నడిచాడు, వెనక పంపు గదిలోకి వెళ్లాడు. పంపు కొత్తగా రంగు వేసి తళతళలాడుతోంది. దాని మీద నీటి ఒత్తిడి చూపే మీటరు ముల్లు సున్నా దగ్గర ఉంది. అన్న గాజు మీద వేలితో కొట్టాడు. ముల్లు కదలలేదు. గొట్టం ఎటు పోతుందో చూసుకుంటూ ఆవరణ మూలకు వెళ్లాడు, నేను వెనకాల.

ఆగ్నేయ మూల. సంపు మూత ఉండాల్సిన చోట సిమెంటు పోసి, పైన గ్రానైటు గద్దె కట్టారు. గద్దె మీద గాజు పెట్టెలో ఇత్తడి దీపం వెలుగుతోంది.

"సంపు ఏది?" అన్నాడు అన్న.

మేనేజరు చెప్పులు విప్పి, గద్దెకు దణ్ణం పెట్టి మరీ జవాబు చెప్పాడు. "దాని కిందేనండీ. ఇసుక పోసి పూడ్పించేశారు. ఆగ్నేయం అంటే అగ్ని మూల కదండీ, అక్కడ నీళ్లుంటే యజమానికి నష్టం. సార్‌వి వరసగా పిక్చర్లు పోయాయి. వాస్తు గారు వచ్చి చూడగానే పట్టేశారు. పూడ్చాక వచ్చిన పిక్చర్ సూపర్ హిట్ అండీ!"

"మరి పంపు దేనికి?"

"రూల్ కదండీ," అన్నాడు అమాయకంగా.

అన్న నా వైపు చూశాడు. ఆ ముఖం నేను ఎరుగుదును. తను నీళ్లు లేని ఉత్త బండి వేసుకుని మంట ముందు నిలబడ్డట్టు కల వచ్చిన రోజుల్లో పొద్దున లేచి అలాగే ఉండేవాడు. మా కాళ్ల కింద, స్పాంజి గోడల మధ్య, ఆ పిల్ల ఏ హీరోయిన్ కోసమో ఏడుస్తూ ఉండి ఉంటుంది. పైకి ఏమీ వినపడటం లేదు.

మర్నాడు జూబ్లీ హిల్స్‌లో యజమాని ఆఫీసుకు వెళ్లాం. ఆయన నిర్మాత. పక్కన వాస్తు పండితుడు ట్యాబ్‌లో భవనం ప్లాను పెట్టుకుని కూర్చున్నాడు. మా నాన్న నేర్పినదంతా అక్కడ పరిచాను. సినిమా ఎందుకు ఆడలేదో కథను అడగాలి గాని సంపును ఎందుకు అడిగారన్నాను. అవే రోజుల్లో ఆగ్నేయంలో నీళ్లున్న ఎంతమంది సినిమాలు ఆడాయో లెక్క చూశారా అన్నాను. నిప్పు మీ ప్లాను చూసుకుని ఆగ్నేయంలోనే పుడుతుందా అన్నాను.

పండితుడికి కోపం రాలేదు. "మేడమ్, మీరు నమ్మకపోయినా వాస్తు పనిచేస్తుంది," అన్నాడు.

"మీరు నమ్మకపోయినా నిప్పూ పనిచేస్తుంది," అన్నాను.

యజమాని బల్ల మీద చరిచి నవ్వాడు. "ఏం టైమింగ్ మేడమ్! మా నెక్స్ట్ పిక్చర్‌కి డైలాగ్స్ రాయకూడదూ? కాఫీ తీసుకోండి."

కాఫీ బాగుంది. వాదన గెలిచాను. సంపు పూడ్చే ఉంది.

లేవబోతుంటే అన్న చేతులు కట్టుకుని పండితుడి ముందు నిలబడ్డాడు. "అయ్యగారూ, ఆగ్నేయంల నీళ్లు వద్దంటిరి, మంచిగనే ఉంది. మరి ఈశాన్యంల ఉంటె లక్ష్మే గదా?"

పండితుడి ముఖం వికసించింది. ఈశాన్యంలో నీళ్లు మహా శ్రేష్ఠమన్నాడు. యజమాని అప్పటికప్పుడు మేనేజరుకు ఫోన్ చేసి ఈశాన్యంలో కొత్త సంపు తవ్వించమన్నాడు.

ఆటోలో నేను మండిపడ్డాను. "నాయన ఉంటే ఏమనుకునేటోడు? వాడి మూఢనమ్మకానికి నువ్వే సున్నం కొట్టి వస్తివి!"

"నాయన ఉంటే గెలిచెటోడు. నాకు గెలుపద్దు చెల్లె, నీళ్లు గావాలె."

అగ్నిమాపక శాఖకు ఫిర్యాదు చేస్తానన్నాను. ఆ రాత్రి మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మా, నీకు దండం పెడ్తా. ఎవరు చెప్పిండ్రో వాళ్లకు ఎరుకైతది. రేపటి నుంచి నన్ను ఏ థియేటర్‌కీ పిలవరు. పిలిచినా ఇంకో బేస్‌మెంటే గదా. అన్నీ గిట్లనే ఉంటయి. సంపు తవ్వుతమన్నరు, తవ్వనీ." ఆగాను.

తవ్వలేదు. వారం తర్వాత అడిగితే మేనేజరు నన్ను చూసి జాలిపడ్డాడు. "మూఢం నడుస్తోందండీ. ఇప్పుడు గొయ్యి తవ్వితే ఇంకేమన్నా ఉందా? మూఢం పోగానే మంచి ముహూర్తం పెట్టేస్తారు." అంటే ఒక మూల నీళ్లు పూడ్చారు, ఇంకో మూల నీళ్లు పుట్టడానికి గ్రహాల అనుమతి రాలేదు. నడుమ నేల కింద మనుషులు. ఈ దేశంలో మూఢత్వానికి ఎన్ని కోరలున్నాయో నేను చాలా వ్యాసాల్లో రాశాను. అది ఇంత మర్యాదగా, ఇంత నిదానంగా, చెప్పులు విప్పి మరీ వస్తుందని ఎక్కడా రాయలేదు.

ఆ మూఢం నడుస్తుండగానే ఒకరోజు మూడింటప్పుడు అన్నా నేనూ గేటు దాటాం. అన్న ఆగి గాలి పీల్చాడు. "వైరు కాలుతుంది," అన్నాడు. నాకు ఇంకా ఏమీ తెలియలేదు. మెట్ల పక్కనున్న కరెంటు ప్యానెల్ అంచుల్లోంచి బూడిదరంగు పొగ సన్నగా కారుతోంది. పైకి పోవాల్సిన పొగ ఏసీ గాలి లాగుతుండటం వల్ల నెమ్మదిగా మెట్లు దిగుతోంది. అది పరుగెత్తలేదు. పని మీద వచ్చినదానిలా ఒక్కో మెట్టూ దిగింది.

కింద మేనేజరు నిలబడి ఉన్నాడు. పొగ అతని మోకాళ్ల దాకా వచ్చింది. థియేటర్ తలుపు పిడి మీద చెయ్యి వేసి, తల ఎత్తి, ఎర్ర బల్బు వైపు చూస్తున్నాడు.

"తలుపు తియ్!" అరిచాడు అన్న.

"టేక్ అవుతోందండీ, రెడ్ లైట్ ఉంది..."

అతను మూర్ఖుడు కాడు. పొగ చూశాడు, భయపడ్డాడు, లోపలివాళ్లను పిలవాలనే వచ్చాడు. కానీ ఎర్ర లైటు ఉండగా తలుపు తీసిన చెయ్యి అతని జీవితంలో లేదు. బల్బు ఆరిపోతే తీద్దామని ఎదురు చూస్తున్నాడు.

అన్న అతన్ని భుజంతో నెట్టి తలుపు లాగాడు. లోపలినుంచి నవ్వులు వచ్చి మీద పడ్డాయి. ఆ రోజు పెళ్లి సీను. ఆడవాళ్లంతా మైకుల చుట్టూ నిలబడి పగలబడి నవ్వుతున్నారు. ఆ నవ్వుల్లో మా పిల్ల నవ్వూ ఉంది. "ఎవడ్రా తలుపు తీసింది?" అని ఇంజనీరు కేక పెట్టాడు. తర్వాత వాసన తగిలింది. నవ్వు ఒక్కో గొంతులో ఒక్కోసారి ఆగింది.

అందరూ బయటపడ్డారు. అన్న మెయిన్ ఆపేసి, గోడకున్న సిలిండరు లాగి పిన్ను తీసి నొక్కాడు. తుస్సుమంది, లోపల ఏమీ లేదు. పంపు గదిలోకి పరుగెత్తి, అక్కడ పడి ఉన్న సంచీ ఈడ్చుకొచ్చి ప్యానెల్ మీద గుమ్మరించాడు. ఇసుక. సంపు పూడ్చగా మిగిలిన ఇసుక. కరెంటు మంటకు అదే సరైనది. పొగ ఆగిపోయింది.

మర్నాడు యజమాని స్వయంగా వచ్చాడు, పండితుడితో. అన్నకు శాలువా కప్పాడు. నావైపు తిరిగి చేతులు జోడించాడు. "చూశారా మేడమ్? ఆగ్నేయంలో ఇసుక పోయించబట్టే కదా, ఆ ఇసుకే కాపాడింది! నీళ్లుంటే ఏమయ్యేది? కరెంటు మంట మీద నీళ్లు పోస్తే?" పండితుడు కళ్లు మూసుకుని తల ఊపాడు.

నా దగ్గర జవాబు ఉంది. ఈసారి ప్యానెల్ అంటుకుంది, వచ్చేసారి స్పాంజి గోడ అంటుకుంటే ఎన్ని సంచులు మోస్తారు? చెప్పాను కూడా. ఆయన విన్నాడు, నవ్వలేదు. "ఇక ఈశాన్యంలో కూడా అక్కర్లేదులెండి. ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?" అన్నాడు. ప్రమాదం తప్పినందుకు గద్దె మీద దీపం పక్కన రెండో దీపం పెట్టించాడు.

అదే రోజు అగ్నిమాపక శాఖ ఆఫీసులో ఫిర్యాదు రాసి ఇచ్చాను. మేనకోడలు ఈసారి వద్దనలేదు, మానేస్తాననీ అనలేదు. "రాయి అత్తమ్మా. వాళ్లు వచ్చేదాక నేను గీ గొంతుతోనే బతకాలె గదా," అంది. ఇంకా ఎవరూ వచ్చి చూడలేదు.

ఇప్పుడు పిల్లకు రికార్డింగ్ ఉన్న ప్రతిరోజూ అన్న వెంట వెళతాడు. తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంటాడు. కుర్చీ కింద తను కొన్న సిలిండరు, రెండు ఇసుక సంచులు. "మా నాయన నా బౌన్సర్," అని మేనకోడలు తోటివాళ్లకు చెబుతుంది. మేనేజరు ఆ సిలిండరుకు బొట్టు పెట్టబోతే అన్న చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గిది వద్దు," అన్నాడు.

నిన్న నేనూ వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఏ సీను జరుగుతోందో మాకు తెలియదు. అరుస్తున్నారో, నవ్వుతున్నారో. పైనుంచి రెండు దీపాల నూనె వాసన వస్తోంది. ఇంజనీరు లోపలికి వెళ్లి తలుపు మూశాడు. ఎర్ర బల్బు వెలిగింది.

అన్న కుర్చీలోంచి లేచి, తలుపు పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.